నియమావళి ప్రకారం మేనత్త

తిరుమలరావు గారు నిజాయితీపరులు. మా తెలుగువాళ్ళ పేట ఆంధ్రా మొహల్లాలో ఈ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. కాకపోతే ఒప్పుకునే ముందు ఒకసారి నిట్టూరుస్తారు. లంచం తినే అధికారి దగ్గరికి వెళ్తే ఏం చెయ్యాలో మనిషికి తెలుస్తుంది. నిజాయితీపరుడి దగ్గర అదీ తెలీదు.

ఆఫీసు పెన్నుతో ఆయన ఇంటి సరుకుల చీటీ రాయరు. ఆఫీసు జీపును వీధి మలుపులోనే ఆపించి, మిగిలిన దూరం ఎండలో నడిచి ఇంటికి వెళ్తారు. అక్కణ్ణించి జీపు డ్రైవరు గారి పిల్లల్ని స్కూలు నుంచి తేవడానికి వెళ్తుంది. ఆ సంగతి ఆయన చూడరు. చూస్తే చర్య తీసుకోవాలి కదా. దీపావళికి వచ్చిన మిఠాయి డబ్బాలన్నీ వెనక్కి పంపమని ప్యూనుకు చెప్తారు. డబ్బాలు వెనక్కి వెళ్తాయి, ప్యూను ఇంటి వెనక్కి.

ఆయన తండ్రి బంగార్రాజు గారు బొబ్బిలి నుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చి బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి పోయారు. రైల్వే క్వార్టర్లో పుట్టిన కొడుకు మాత్రం రైల్వేలో చేరలేదు. రాష్ట్ర సర్వీసు పరీక్ష రాసి, ఊరూరూ తిరిగి, యాభై దాటాక కోసంపారా నగర పంచాయతీకి ముఖ్య అధికారిగా వచ్చారు. కోసంపారా అంటే సిర్గిట్టి కార్ఖానాలు దాటాక, రైల్వే గేటు అవతల, మొన్నమొన్నటి దాకా పల్లె. రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసిన తెలుగువాళ్ళు అక్కడే స్థలాలు కొని ఇళ్ళు కట్టుకున్నారు. అలా ఆయన పుట్టి పెరిగిన జనమే ఆయన పాలన కిందికి వచ్చారు. మనవాడు వచ్చాడని మొహల్లాలో లడ్డూలు పంచారు. ఆయన తినలేదు.

మా వాళ్ళ బంధుత్వాల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. రైల్వే కాలనీకి వచ్చిన తొలి తరంవాళ్ళకు చుట్టాలంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉండిపోయారు. చావుకైనా, పురుడుకైనా ఇక్కడ ఒక్క మనిషీ లేడు. అందుకని గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో చుట్టాల్ని తయారు చేసుకున్నారు. ఒకామె పక్కింటాయన్ని అన్నయ్యా అందంటే, ఆమె ఆయన పిల్లలకు మేనత్త. ఆమె మొగుడు మావయ్య. పెదనాన్న, పిన్ని వరసలు కలిసి అన్నాచెల్లెళ్ళు అయిన పిల్లలకు పెళ్ళి మాటలు కూడా ఎవరూ ఎత్తలేదు. కులాలు వేరైనా సరే, వరస వరసే.

అచ్చియమ్మ అలాగే తిరుమలరావు గారికి మేనత్త అయింది. ఆయన చిన్నప్పుడు తల్లి రైల్వే ఆసుపత్రిలో చాలాకాలం మంచం పట్టింది. అప్పుడు ఆయనకు అన్నం పెట్టింది, తల దువ్వింది, స్కూలు ఎగ్గొడితే వీపు పగలగొట్టింది ఆమే. ఆమె మొగుడు ఎర్రయ్య గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద పనిచేసి, మోకాళ్ళు అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇల్లు నడిచేది అచ్చియమ్మ ఇడ్లీ బండి మీద. కోసంపారా గేటు పక్కనే ఆమె బండి. గేటు పడితే జనం ఆగుతారు, ఆగినవాళ్ళకు ఆకలేస్తుంది. బొగ్గు గూడ్సు ఎంత పొడుగుంటే అచ్చియమ్మకు అంత గిరాకీ.

ఇంతలో గేటు రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. పక్కనే రేకుల కప్పుతో ఒక కొట్ల వరస కట్టి, పట్టా ఉన్న బండ్లవాళ్ళకు అక్కడ చోటిస్తారట. పట్టా లేని బండ్లను హోలీ ముందు జేసీబీ ఎత్తుకుపోతుందట. బండ్ల కమిటీ అచ్చియమ్మ పేరు ఒప్పుకుంది. ఇక ముఖ్య అధికారి సంతకం ఒక్కటే మిగిలింది. ముఖ్య అధికారి ఎవరు? మేనల్లుడు. అచ్చియమ్మ హాయిగా నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే నైతిక నియమావళి వచ్చిపడింది.

నగర పాలనాధికారులకు ఒక సంఘం ఉంది. సంఘానికి తాతల నాటి నియమావళి ఒకటి ఉంది. పర్యటనకు వెళ్ళినచోట అధికారి మేకమాంసం స్వీకరించరాదని, ఆఫీసు సైకిలు సొంత పనులకు వాడరాదని, ఇంట్లో ఎవరికైనా రేడియో కానుకగా వస్తే పైవాళ్ళకు తెలపాలని అందులో ఉంది. ఇప్పుడు మేకమాంసం ఎవరూ ఇవ్వడం లేదు, ప్లాట్లు ఇస్తున్నారు. ప్లాట్ల ఊసు నియమావళిలో లేదు కాబట్టి అధికారులంతా నియమబద్ధంగానే బతుకుతున్నారు. అయినా కాలానికి తగ్గట్టు మార్చాలని పైనుంచి ఎవరో అన్నారు. కమిటీ వేశారు. రాయ్‌పూర్‌లో ఒక హోటల్లో కమిటీ కూర్చుంది. భోజనం ఖర్చు వీధి దీపాలు అమ్మే కంపెనీ పెట్టుకుంది.

తిరుమలరావు గారు ఆ భోజనం ముట్టలేదు. కార్లు ఆపేచోట నిలబడి భార్య మాధవీలత కట్టిచ్చిన పులిహోర తిన్నారు. లోపల తింటున్నవాళ్ళకు పనీరు గొంతులో అడ్డం పడింది. ఆ కోపంతో, అందరికన్నా కష్టమైన అధ్యాయం ఆయనకు అంటగట్టారు. బంధుప్రీతి.

ఆయన దాన్ని శిక్ష అనుకోలేదు, గౌరవం అనుకున్నారు. లేచి నిలబడి మాట్లాడారు.

"రక్తసంబంధం ఒక్కటే బంధుత్వం కాదు. మావాళ్ళలో పక్కింటామె కూడా మేనత్తే. ఆమె ఫైలు నా ముందుకొస్తే నా చెయ్యి తటస్థంగా ఉంటుందా? నా సంగతి నాకు తెలుసు, ఉండదు. అత్తా, మావయ్యా అని ఎవర్ని పిలుస్తామో వాళ్ళంతా బంధువులేనని రాయాలి."

పెద్ద ఊళ్ళో పనిచేసే అధికారి ఒకాయన కంగారుపడ్డాడు. "రావ్ సాబ్, నేను పొద్దున లేస్తే నాయకులందర్నీ భయ్యా అంటాను. కాంట్రాక్టర్లు నన్ను చాచా అంటారు. వాళ్ళ ఫైళ్ళన్నీ ఆపితే సాయంత్రానికి నన్ను అడవిలోకి బదిలీ చేస్తారు."

ఇది నిజమేనని అందరూ తలలూపారు. చర్చ జరిగింది, టీ వచ్చింది, టీ కూడా దీపాల కంపెనీదే. చివరికి తేలింది ఇది. అధికారి నిత్యం వరస పెట్టి పిలిచే, లేదా అలా పిలిపించుకునే ప్రతివారూ బంధువులే. వాళ్ళ ఫైలు మీద అధికారి సంతకం పెట్టరాదు. అయితే ప్రజాప్రతినిధులతోను, రిజిస్టరైన వ్యాపార సంస్థలవారితోను మర్యాద కోసం వాడే పిలుపులు ఈ లెక్కలోకి రావు.

చివరి వాక్యం మీద తిరుమలరావు గారు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరాన్ని రాసుకున్నారు. వాక్యం ఉండిపోయింది. ముందుమాటలో ఆయన పేరు వేశారు.

రెండ్రోజుల తర్వాత పొద్దున ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్తూ గేటు దగ్గర ఆగారు. అచ్చియమ్మ తొలివాయి తీసి ఆయన ప్లేట్లో పెట్టింది. ఎర్రయ్య స్టూలు మీద కూచుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"ఏటిరా తిరుమలా, బండ్ల కమిటీ ఒప్పీసుకుందట గదా. నీ సంతకవొక్కటే తరవాయట."

"అవునత్తా."

"అయితే పెట్టీ. పెన్ను లేదేటి?"

ఆయన ఇడ్లీ మింగి నెమ్మదిగా అన్నారు. "నేను పెట్టకూడదత్తా. నువ్వు నాకు బంధువువి."

అచ్చియమ్మ గరిటె ఆగిపోయింది. "మీదో కులం, మాదో కులం. మీది బొబ్బిలి, మాది పలాస. బందువునెలాగయ్యాన్రా?"

"అత్తా అని పిలుస్తున్నాను కదా."

"పిలిస్తే?"

"పిలిస్తే బంధువే. కొత్త నియమం. నేనే రాశాను."

ఎర్రయ్య ఉల్లిపాయ పక్కన పెట్టాడు. "ఓసే, ఆఫీసరు రాసీనాడంటే అయిపోయినట్టే. ఇన్నాళ్ళకి మనకో గొప్ప సుట్టం దొరికినాడు. పని సెయ్యడు గానీ సుట్టవే."

అప్పుడే మోటారుసైకిలు మీద దిలీప్ వచ్చి ఆగాడు. దిలీప్ కూడా మొహల్లా కుర్రాడే. వాళ్ళ నాన్న టికెట్ కౌంటర్లో చేసేవాడు. దిలీప్ ఇప్పుడు కోసంపారాలో కాలవలు కట్టే కాంట్రాక్టరు. అతను కట్టిన కాలవల్లో నీళ్ళు ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉంటాయి.

"గుడ్ మార్నింగ్ మావయ్యా! నా కాలవ ఫైలు క్యా హువా?"

"నిన్ననే సంతకం పెట్టాను."

"అరే వాహ్! మావయ్య అంటే మావయ్యే," అని దిలీప్ తుర్రుమన్నాడు.

అచ్చియమ్మ ఆ పొగవైపే చూసింది. "ఆడు మావయ్యా అన్నాడు గదరా. ఆడు సుట్టం కాడేటి?"

"అతనికి రిజిస్టరైన సంస్థ ఉందత్తా. అతనిది మర్యాదకి పిలిచే పిలుపు."

"మరి నాది?"

"నీది నిజం అత్తా."

ఈ మాట ఆయన చాలా ప్రేమగా అన్నారు. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. సంతకం మాత్రం పెట్టలేదు.

"అలాగయితే నన్నూ రిజిస్టరు సేసీ," అంది అచ్చియమ్మ.

రిజిస్టరు చెయ్యాలంటే ముందు బండికి పట్టా ఉండాలి. పట్టా కావాలంటే ఆయన సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టాలంటే ఆమె బంధువు కాకూడదు. బంధువు కాకుండా ఉండాలంటే రిజిస్టరై ఉండాలి. తిరుమలరావు గారు దీన్ని ఇడ్లీ చల్లారిపోయేదాకా ఓపిగ్గా వివరించారు. గూడ్సు వెళ్ళిపోయి గేటు లేచింది. జనం తినకుండానే వెళ్ళిపోయారు.

ఆయన ఊరికే కూర్చున్నారని అనకూడదు. అచ్చియమ్మ ఫైలును పక్క ఊరి అధికారికి పంపారు. అదే రోజు తన కొత్త ఇంటి ప్లాను కూడా పంపారు, సొంత ఇంటికి తానే అనుమతి ఇచ్చుకోకూడదు కదా. ఇంటి ప్లాను వారం తిరక్కుండా మంజూరై వచ్చింది. అచ్చియమ్మ ఫైలు తిరిగొచ్చింది. ఇంటికి కాళ్ళు లేవు కాబట్టి అభ్యంతరం లేదట, బండికి చక్రాలున్నాయి కాబట్టి అది ఎవరి పరిధిలోకి వస్తుందో చెప్పలేమట. జిల్లా ఆఫీసుకు పంపారు. ముఖ్య అధికారికే అధికారం ఉందని అక్కణ్ణించి జవాబొచ్చింది. ఈలోగా రేకుల వరసలో పానీపూరీవాళ్ళు, టోపీలు అమ్మేవాళ్ళు, ఫోన్ల అద్దాలు అతికించేవాళ్ళు అంతా చేరిపోయారు. చివర ఒక్క చోటు ఖాళీగా ఉంది. దాని కోసం నగర పంచాయతీ అధ్యక్షుడి బావమరిది రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. హోలీ దగ్గరపడుతోంది.

ఆఫీసులో హెడ్ క్లర్కు కౌశిక్ బాబు ఛత్తీస్‌గఢియా మనిషి. నియమాల్ని ప్రేమించడు, ద్వేషించడు, వాటి మధ్య సందులు ఎక్కడున్నాయో చూస్తాడు. ఒకరోజు హిందీలో అన్నాడు.

"సర్, ఆమె మీకు ఏమీ కాదని బోద్రీ కోర్టులో ఒక అఫిడవిట్ వేయిస్తే సరిపోతుంది."

"బంధుత్వాన్ని అలా రద్దు చెయ్యొచ్చని నియమావళిలో లేదే."

"రాయండి సర్. రాసేది మీరేగా."

తిరుమలరావు గారు ఒక ఉపనిబంధన రాశారు. ప్రమాణపత్రం ద్వారా బంధుత్వం రద్దగును. కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సభ్యులంతా చదవకుండానే బొటనవేళ్ళు పంపించారు.

కౌశిక్ బాబు అచ్చియమ్మను ఆటోలో బోద్రీ తీసుకెళ్ళాడు. కోర్టు బయట, గొడుగు కింద కూచున్న నోటరీ వకీలు గబగబా టైపు చేయించాడు.

"ఏటి రాసినారు బాబూ?" అని ఆమె తనకు వచ్చిన హిందీలో అడిగింది.

కౌశిక్ బాబు చదివి చెప్పాడు. "తిరుమలరావు గారు మీకు ఏమీ కారు. ఇదివరకు ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇకముందు కూడా కాబోరు."

"ఇదివరకు కూడా కాలేదని రాయాలా?"

"రాయాలి, అమ్మా."

"వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు..."

వకీలు అడ్డం వచ్చాడు. "అది ఇందులో అక్కర్లేదు మాతాజీ. ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా?"

ఆమె కాగితంవైపు చూసింది. ఇంట్లో ఎర్రయ్య మోకాళ్ళు, గేటు దగ్గర జేసీబీ, రేకుల కింద ఆఖరి చోటు, ఈ మూడింటిలో ఏదీ కాగితంలో లేదు. "నేదు బాబూ, ఎవుళ్ళూ సెయ్యలేదు," అని తెలుగులోనే అని, తెలుగులోనే సంతకం పెట్టింది. వకీలు చెయ్యెత్తమంటే ఎత్తింది. దేవుడి మీద ప్రమాణం చెయ్యమంటే, ఆ మాట వకీలుకు ఊరికే అలవాటు, ఆమె మాత్రం కళ్ళు మూసుకుని పైడితల్లి పేరు చెప్పి చేసింది.

ఆ సాయంత్రమే తిరుమలరావు గారు పట్టా మీద సంతకం పెట్టారు. నియమం తప్పలేదు, అత్తకు అన్యాయం జరగలేదు. నియమావళి పనిచేస్తుందని ఋజువైంది. అంత తృప్తిగా ఆయన ఎప్పుడూ నిద్రపోలేదని మాధవీలత గారే చెప్పారు.

పొద్దున రేకుల కింద కొత్త చోట్లో బండి నిలబడి ఉంది. పొయ్యి వెలిగింది.

"అత్తా, రెండు ఇడ్లీ!"

"ఎనక నైన్లో రండి సార్."

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. ముందున్న ఇద్దరు కూలీలకు పెట్టాక ఆయనకు పెట్టింది. తొలివాయి అయిపోయింది.

"ఏంటత్తా ఇది? ఆఫీసు పని ఆఫీసులో అయిపోయింది. ఇక్కడ ఎవరు చూస్తారు?"

"పెమాణం సేసినాను సార్. కాయితం మీదొకటీ, నోటితో ఒకటీనా? ఆఫీసులో ఒకలాగ, బయటొకలాగ ఉండకూడదని మీరే గదా సార్ అందరికీ సెప్తారు."

 ఆ మాట ఆయన నిజంగానే అందరికీ చెప్తారు.

ఆమె గొంతు తగ్గించి అడిగింది. "రేపు నేను ఒరే తిరుమలా అంటే, అది ఎవుడో ఇని అర్జీ పెడితే, నా పట్టా ఉంటాదా సార్?"

అబద్ధం చెప్తే ఆయన బతుకు ఎంత సుఖంగా ఉండేదో. "ఉండదు," అన్నారు.

స్టూలు మీంచి ఎర్రయ్య పిలిచాడు. "సార్, సెట్నీ ఏయించుకోండి. పబ్లిక్కందరికీ ఏస్తన్నాం."

అప్పణ్ణించి మొహల్లా అంతా జాగ్రత్తపడింది. ఎవరికి ఎప్పుడు ఏ కాగితం అవసరమవుతుందో ఎవరికి తెలుసు? కుళాయి కావాలి, పుట్టిన సర్టిఫికెట్ కావాలి, చచ్చిన సర్టిఫికెట్ కావాలి. బాబాయిలు, పిన్నులు, వదినలు ఒక్కొక్కరే ఆయన్ని సార్ అనడం మొదలుపెట్టారు. ఆయన ఎదురొస్తే అరుగుల మీద కూచున్న ముసలివాళ్ళు కష్టపడి లేచి నిలబడేవాళ్ళు. సంఘం ఆయనకు ఆదర్శ అధికారి అని శాలువా కప్పింది. కోసంపారాలో ఆయన్ని ఇంకా మావయ్యా అని ధైర్యంగా పిలిచేవాడు దిలీప్ ఒక్కడే.

మరుసటి ఏడాది హోలీ దాటాక కొత్త ఇల్లు పూర్తయింది. నిజంగా జీతం డబ్బుతో, బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లు. గోడలు చూస్తేనే తెలిసిపోతుంది. ముహూర్తం పెట్టించాక మాధవీలత గారు అడిగారు.

"పాలు ఎవరు పొంగిస్తారు? ఆడపడుచు చెయ్యాలి. మీకు తోడబుట్టినవాళ్ళు లేరు. మన క్వార్టర్లో దిగినప్పుడూ, మీ నాన్నగారు కొన్న స్థలంలో పూజ చేసినప్పుడూ అచ్చియమ్మత్తే కదా పొంగించింది."

"పిలుస్తాను," అన్నారాయన.

కుంకుమ భరిణె పట్టుకుని, భార్యాభర్తలిద్దరూ బండి దగ్గరికి వెళ్ళారు. గేటు పడి ఉంది, జనం ముసురుకుని ఉన్నారు. మాధవీలత గారు బొట్టు పెట్టబోతే అచ్చియమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటికమ్మా?"

"గృహప్రవేశం అత్తయ్యా. మీరొచ్చి పాలు పొంగించాలి."

అచ్చియమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది.

"సార్ గారినే అడుగు తల్లీ. పాలు పొంగిత్తే నేనేటవుతాను?"

మాధవీలత గారు భర్తవైపు తిరిగారు. గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. తిరుమలరావు గారు నియమావళి అంతా మనసులో తిరగేశారు. ఎక్కడా సందు లేదు. ఆయనే పూడ్చారు.

"మేనత్త అవుతుంది," అన్నారు చివరికి.

"అయితే నా బండి?"

ఆయన తల దించుకున్నారు.

"అదీ సంగతి. మా ముసలోడికి మోకాళ్ళు నేవమ్మా, ఈ సోటు పోతే మాకేటీ నేదు," అంది అచ్చియమ్మ మాధవీలత గారితో. తర్వాత చెంగుతో చేతులు తుడుచుకుని, "టిపినీలకి ఆర్డరిస్తే ఇడ్లీ అట్టుకొస్తాను. రశీదు కూడా రాసిస్తాను," అంది.

ఇంటికి వెళ్ళే దారిలో దిలీప్ ఎదురయ్యాడు. విషయం విని పెద్దగా నవ్వాడు. "అరే మావయ్యా, టెన్షన్ కాయ్కా? మా ఆవిడ స్వాతి లేదా? మీ ఇంటి ఆడపిల్లే అనుకోండి. హో జాయేగా!"

దిలీప్ సంస్థ రిజిస్టరై ఉంది. అతను ఏ వరస పెట్టి పిలిచినా అది మర్యాదే. అతని భార్య వచ్చి పాలు పొంగించినా అది బంధుత్వం కిందికి రాదు. తిరుమలరావు గారు రెండుసార్లు ఆలోచించారు. నియమావళి ప్రకారం ఏ తప్పూ లేదు. దిలీప్ కొత్త కాలవ ఫైలు ఆ వారమే ఆయన బల్ల మీద ఉంది. అందులోనూ ఏ తప్పూ లేదు.

ముహూర్తం వేళకు హాల్లో గోడ మీద సంఘంవాళ్ళు అద్దం కట్టించి పంపిన నియమావళి వేలాడుతోంది. మొహల్లావాళ్ళంతా వచ్చారు. కుర్చీల్లో ఆఫీసుకొచ్చినట్టు ఒద్దిగ్గా కూచున్నారు. వంటింట్లో స్వాతి పట్టుచీరలో గ్యాసు పొయ్యి ముందు నిలబడింది. దిలీప్ వీడియో తీస్తున్నాడు.

"మావయ్యా, ఇలా రండి, ఫ్రేములోకి రండి!"

పాలు పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. గిన్నె అంచులు దాటి, పొయ్యి ఆరిపోయేదాకా పొంగాయి. స్వాతి వీడియోలోకి చూసి నవ్వుతోంది.

పెరటి గుమ్మంలో అచ్చియమ్మ ఇడ్లీ గిన్నెలతో నిలబడి ఉంది. పొంగుతున్న గిన్నెను దించడానికి ఆమె చెయ్యి తనంతట తనే చీర చెంగును చుట్టి పట్టుకుంది. కాసేపలాగే ఉండి వదిలేసింది. తిరుమలరావు గారు అది చూశారు. నోరు తెరిచారు కూడా.

ఆమె ముందే అడిగేసింది. "సార్, గిన్నెలెక్కడ దించమంటారు?"